పడటం నేర్పిన టైలరమ్మ

జూడో కోటు కుట్టడం చొక్కా కుట్టినంత తేలిక కాదు. గుడ్డ గోనెపట్టాలా దళసరిగా ఉంటుంది. నేత బియ్యపు గింజలు పరిచినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. మామూలు సూది జానెడు దూరం నడిచేసరికి పుటుక్కున విరుగుతుంది. వీధి చివర మేడ మీద జూడో నేర్పే మాస్టారు చిరిగిన కోట్లు మూటగట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు, ఆ వీధిలోని ముగ్గురు టైలర్లలో ఇద్దరు మా వల్ల కాదని చేతులెత్తేశారు. మూడో ఆవిడ మాత్రం ఒక కోటు చేతిలోకి తీసుకుని, చిరుగులో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎల్లుండి సాయంత్రం రండి" అంది.

ఆమెకు అప్పటికి ముప్పై ఆరేళ్ళు. పొట్టి మనిషి, కాస్త ఒళ్ళు చేసిన మనిషి. వీధిలో అందరికీ టైలరమ్మ. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కాలితో తొక్కే పాత మిషను, బల్ల మీద ఇస్త్రీపెట్టె, మేకుకు వేలాడే కొలతల టేపు, కింద ఎంత ఊడ్చినా తరగని దారపు ముక్కలు. లోపలి గదిలో మంచం మీద కూర్చుని వీధినంతా కాపలా కాసే అత్తగారు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కూతురు పదో తరగతి.

మాస్టారు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో, ఫ్యాక్టరీ పని మీద వచ్చిన ఒక జపాను ఇంజనీరు దగ్గర జూడో నేర్చుకుని, ఉద్యోగం చేసుకుంటూనే ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నారు. నెలకోసారి చిరిగిన కోట్లు తెచ్చేవారు, కుట్టినవి పట్టుకెళ్ళేవారు. ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలుండేవి కావు.

అయిదో నెలలో టైలరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"మాస్టారూ, కాలరు మీద నాలుగో నంబరు రాసుంది చూడండి, ఈ కోటు ఎవరిది?"

"ఒక కాలేజీ కుర్రాడిది. ఏమ్మా?"

"ఎప్పుడు తెచ్చినా ఎడమ చంకలోనే చిరిగుంటోంది. కుడిపక్క కొత్తగుడ్డలా నిగనిగలాడుతోంది. ఈ అబ్బాయి ఒక్క పక్కకే తిరుగుతాడా?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ మాట ఆ కుర్రాడికి ఆయన ఏడాదిగా చెబుతున్నారు.

"ఇంకా ఇది చూడండి" అంటూ ఆమె మరో కోటు విప్పింది. "ఇది చిరగలేదు, వీపు దగ్గర అరిగింది. ఈ పిల్ల పాపం ఎప్పుడూ వెల్లకిలా నేల మీదే ఉంటోంది కాబోలు."

మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. "మనుషుల్ని చూడకుండానే జాతకాలు చెప్పేస్తున్నారే! ఒకసారి పైకొచ్చి చూడండమ్మా."

మర్నాడు సాయంత్రం ఆమె మేడ మెట్లెక్కింది. పొడుగాటి హాలు, నేలంతా పచ్చటి చాపలు, తెరిచిన కిటికీలు, చెమట వాసన. పాతికమంది వరుసగా పడుతున్నారు. ధబ్ ధబ్ మని అరచేతులు చాపకు చరుస్తూ పడుతున్నారు, పడినవాళ్ళు పడినట్టే లేస్తున్నారు. ఎవరూ మూలగడం లేదు. ఒకమ్మాయి పడి నవ్వుతోంది కూడా.

టైలరమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమె తల్లి ఒకసారి మెట్టు మీద కాలు జారి పడింది. అంతే, ఒక్క మెట్టు. తొంటి విరిగి మంచానికి అతుక్కుపోయి, రెండేళ్ళ తర్వాత ఆ మంచం మీదే పోయింది. అప్పటినుంచీ కూతురికి పడటమంటే హడలు. తడి నేల కనిపిస్తే గోడ పట్టుకునేది. ఇక్కడేమో మనుషులు కోరి కోరి పడుతున్నారు.

క్లాసు అయ్యాక అడిగింది. "మాస్టారూ, నాకు పడటం ఒక్కటి నేర్పుతారా? ఇంకొకళ్ళని పడెయ్యడం నాకొద్దు."

"ముప్పై ఏళ్ళ నుంచీ అందరూ పడెయ్యడం నేర్పమనే వచ్చారమ్మా" అన్నారు మాస్టారు. "పడటం నేర్పమన్నది మీరొక్కరే. రేపటినుంచి రండి."

ఇంట్లో గుప్పుమంది. భర్త అన్నం తింటున్నవాడల్లా ఆగి, "ఈ వయసులో కుప్పిగంతులేంటోయ్?" అన్నాడు. కూతురు, "అమ్మా, ప్లీజ్, మా ఫ్రెండ్సు అక్కడికే వస్తారు" అని ముఖం చేతుల్లో దాచుకుంది. అందరి చూపూ అత్తగారి మీదకు వెళ్ళింది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. మంచి మాటైనా సరే, పదిమందికి చెప్పనిదే అరగదు.

"పడటం నేర్చుకోవడానికి మాస్టారెందుకే? నా వయసొస్తే అదే పడేస్తుంది" అందావిడ. మళ్ళీ తనే, "సరే వెళ్ళు. ఏం జరిగిందో వచ్చి చెప్పు. నాకూ పొద్దుపోవాలిగా" అని తీర్పిచ్చేసింది.

మొదటి నెల టైలరమ్మకు ఒంట్లో నొప్పి లేని చోటు లేదు. గడ్డం ఛాతీకి ఆనించాలి. చూపు నడుముకు కట్టిన బెల్టు ముడి మీద ఉండాలి. వీపు గుండ్రంగా వంచాలి. చెయ్యి చాచి నేలను ఆపబోకూడదు, మొత్తం చేతితో చాపను చరవాలి. మొదట కూర్చున్న చోటు నుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. ఇంటికొచ్చాక దుకాణం తలుపు దగ్గరకేసి, నేల మీద పరుపు వేసుకుని మళ్ళీ అదే పని. మంచం మీద నుంచి అత్తగారు చూసేది. వారం తిరిగేసరికి చూడటం మానేసి సవరించడం మొదలెట్టింది.

"గడ్డం! గడ్డం లోపలికి! నిన్న మీ మాస్టారు అదేగా చెప్పారన్నావు?"

"చూసుకుంటున్నాను అత్తయ్యా."

"చూడ్డం కాదే, పెట్టు. తల కొట్టుకుంటే నాకు కాఫీ ఎవరిస్తారు?"

ఇంకో నెలకు, పరుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుని ఆవిడే అంచున కూర్చుని మెల్లగా వెనక్కి వాలి చేత్తో చరుస్తూ కోడలి కంట పడింది. కోడలు నవ్వలేదు. పక్కన కూర్చుని, "వీపు ఇంకాస్త గుండ్రంగా, అత్తయ్యా" అంది. అలా తెలియకుండానే ఆమెకు మొదటి శిష్యురాలు దొరికింది. వయసు అరవై ఎనిమిది.

రెండేళ్ళు గడిచాయి. టైలరమ్మ నడుముకు తెల్ల బెల్టు పోయి పసుపు, పసుపు పోయి ఆకుపచ్చ వచ్చాయి. పడెయ్యడం వద్దన్న మనిషి పడెయ్యడమూ నేర్చుకుంది. అప్పుడొక ఉదయం ఇంట్లో స్నానాలగదిలోంచి ధబ్బుమని చప్పుడైంది. మిషను తొక్కుతున్న కోడలు చటుక్కున లేచింది. తన తల్లి పడిన చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. పరుగెత్తి తలుపు తోసేసరికి అత్తగారు తడి నేల మీద వెల్లకిలా ఉంది. గడ్డం ఛాతీకి ఆనించి ఉంది. రెండు చేతులూ నేలకు అతుక్కుని ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసి పైకప్పు చూస్తోంది.

"అత్తయ్యా!"

"ఉండవే. లెక్క చూసుకుంటున్నా" అందావిడ. "తల తగల్లేదు. నడుం బానే ఉంది. చేతులు మండుతున్నాయి." మెల్లగా లేచి కూర్చుని, "బాగా చరిచానా?" అని అడిగింది.

డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, ఒక్క ఎముకకూ ఏమీ కాలేదని చెప్పి, ఎలా పడ్డారని ఆశ్చర్యపోతే, అత్తగారు ఆయన గదిలోనే పడి చూపించబోయింది. కొడుకు రెండు చేతులా పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇంటికొచ్చే దారిలో ఆ లిఫ్టు మెకానిక్, భార్య వైపు తిరిగి, "కుప్పిగంతులన్నాను కదూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు.

ఇక ఆవిడ ఊరుకుంటుందా? కింద పడ్డా నాదే పైచేయి అని లోకంలో అందరూ ఊరికే అంటారు, తను నిజంగా చేసి చూపించానని వీధి వీధంతా చాటింది. వారం తిరక్కుండా దుకాణం ముందు ఏడుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకావిడ బడిలో లెక్కల టీచరు, ఒకావిడ పళ్ళు అమ్ముతుంది, మిగతావాళ్ళు ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. అందరూ యాభై దాటినవాళ్ళే. కొలతలకి రాలేదు.

"మాకూ నేర్పమ్మా."

మాస్టారు ఆదివారం ఉదయం హాలు తాళం ఆమె చేతికిచ్చారు. అలా ఏడుగురు పన్నెండు మందయ్యారు, పన్నెండు పంతొమ్మిదయ్యారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి మొదలెట్టేది. భయపడేవాళ్ళను పరుపుల దొంతర మీద పడమనేది, రోజుకో పరుపు తీసేసేది. రకరకాల ఒళ్ళకు కొలత చూసి బట్ట కత్తిరించిన మనిషి, ఒక్క కొలతతో అందరికీ కుట్టకూడదని ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

అయిదో నెలలో ఒక ఆదివారం జూడో సంఘం కార్యదర్శి మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫైలు.

"ఈ క్లాసు ఎవరిది?"

"నాదేనండీ."

"మీది ఏ బెల్టు?"

"ఆకుపచ్చ."

"నల్ల బెల్టు ఉండాలి. దాని మీద టీచరు పరీక్ష పాసవ్వాలి. రెండూ లేకుండా చాప మీద ఎవరికీ ఏమీ నేర్పకూడదు. రేపు ఎవరికైనా నడుం విరిగితే బాధ్యత ఎవరిది?"

"నడుం విరక్కూడదనే కదయ్యా నేర్చుకుంటున్నది!" అంది వెనక వరుసలోంచి అత్తగారు.

అతను చెడ్డవాడు కాదు. నిబంధన నిబంధనే. పంతొమ్మిది మందీ చెప్పులు వేసుకుని దిగిపోయారు. ఖాళీ హాల్లో పరుపులు సర్దుతూ టైలరమ్మ మాస్టార్ని అడిగింది, "నల్ల బెల్టుకి ఎన్నాళ్ళు పడుతుంది మాస్టారూ?"

"కుర్రాళ్ళకి ఇక్కణ్ణుంచి రెండేళ్ళు."

"నాకు?"

"మీకు ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. ఎక్కడికైనా వెళ్ళాలా ఏంటి?"

అప్పటినుంచీ ఆమె వారానికి అయిదు రోజులు మెట్లెక్కింది. నలభయ్యో ఏడు పడ్డ వారానికే దెబ్బ తగిలింది. తనకన్నా రెట్టింపు బరువున్న కుర్రాడితో తలపడి, పడేటప్పుడు చెయ్యి చాచింది. భుజం దగ్గర ఎముక విరిగింది. చెయ్యి మెడకు వేలాడదీసుకుని ఇంటికొస్తే, "పడటం నేర్పేదానివి నువ్వే విరగ్గొట్టుకొచ్చావా!" అన్నాడు భర్త, సగం కోపంగా, సగం భయంగా.

"చాచకూడదని రోజుకు ముప్పైసార్లు చెప్పేదాన్ని. నేనే చాచాను" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నొప్పికి కాదు, సిగ్గుకి.

ఒంటి చేత్తో కుట్టలేక, తొక్కకుండా ఉండలేక, ఆమె ఆ ఆరు వారాలూ ఉత్త మిషను ముందు కూర్చుని ఊరికే పాదం ఆడించేది. చూడటానికి వచ్చిన మాస్టారు ఆ పాదం వైపే కన్నార్పకుండా చూశారు. కాలి మిషను తొక్కేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. చక్రం తిరిగి వచ్చే క్షణానికి సరిగ్గా పాదం నొక్కాలి. రెప్పపాటు ముందు నొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పాదం ఆ క్షణం తప్పలేదు.

"అమ్మా, ఎదుటివాడు అడుగు వేస్తాడు చూడండి. బరువు పాదంలోకి దిగీ దిగకముందు ఆ పాదాన్ని పక్కకి ఊడ్చెయ్యాలి. బలం అక్కర్లేదు, చీపురుతో ఊడ్చినంత చాలు. నేను పదేళ్ళు తంటాలు పడ్డాను ఆ క్షణం పట్టుకోడానికి" అన్నారాయన. "మీ పాదంలో అది ముందునుంచే ఉంది. ఇన్నాళ్ళూ మీకు చేతి పట్లు నేర్పి పొరపాటు చేశాను."

కట్టు విప్పకముందే, ఒంటి చేత్తో కోటు పట్టుకుని ఆమె ఆ ఒక్క పట్టూ సాధన చేసింది. నాలుగో నంబరు కోటు కుర్రాడు, ఇప్పుడు రెండు పక్కలకూ తిరుగుతున్నాడు లెండి, హాల్లో ఆమెతో నడిచేవాడు. ఆమె ఊడ్చేది, అతను పడేవాడు. వెయ్యి సార్లు, రెండు వేల సార్లు. "అక్కా, నాకిప్పుడు మామూలుగా నడవాలన్నా భయమేస్తోంది" అనేవాడు.

నల్ల బెల్టు పరీక్షకు మొదటిసారి వెళ్ళినప్పుడు, పద్ధతి ప్రకారం చూపించాల్సిన పదిహేను పట్లూ తప్పు లేకుండా చూపించింది. పోటీలో మాత్రం ఊపిరందక ఓడిపోయింది. "ఈ వయసుకి ఇప్పుడున్న గోధుమ రంగు బెల్టు చాలదా అమ్మా?" అన్నాడు ఒక పరీక్షకుడు, దయగానే. ఆ దయ ఆమెను దెబ్బకన్నా గట్టిగా తాకింది. మర్నాటి నుంచి పొద్దున్నే మేడ మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగడం మొదలెట్టింది. కింద కూర్చుని కూతురు లెక్కపెట్టేది. ఒకప్పుడు ఫ్రెండ్సు చూస్తారని బాధపడ్డ పిల్లే ఆ ఫ్రెండ్సును వెంటబెట్టుకొచ్చి, "పదిహేడు! ఇంకో మూడే అమ్మా!" అని అరిచేది.

ఏడాది తిరిగాక రెండోసారి. ఈసారి ఎదురుగా నిలబడింది ఒక పోలీసు కానిస్టేబులు, ఆరడుగులకు అంగుళం తక్కువున్న ఆడమనిషి. టైలరమ్మ తల ఆమె భుజానికి కూడా అందలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. కానిస్టేబులు కాలరు దొరకబుచ్చుకుని ఒక్క విసురు విసిరితే టైలరమ్మ గాల్లో సగం తిరిగి, వీపు తగలకుండా పొట్ట మీద పడి తప్పించుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె ఎదురు లాగలేదు. లాగిన వైపుకే నడిచింది. అడుగులో అడుగు, అడుగులో అడుగు. కానిస్టేబులు కుడి పాదం చాప మీదకు దిగుతోంది. ఇంకా దిగలేదు. టైలరమ్మ ఎడమ పాదం ఊడ్చింది.

అంత పొడుగు మనిషి అరిటాకులా తేలి, వీపంతా చాపకు తగిలేలా పడింది. జూడోలో అలా శుభ్రంగా వీపు మీద పడేస్తే ఆట అక్కడితో సరి. న్యాయనిర్ణేత చెయ్యి నిటారుగా పైకి లేచింది.

కానిస్టేబులు పడుకునే అడిగింది, "ఏం చేశారక్కా? నాకు తెలియనే లేదు!"

"నువ్వు భలే పడ్డావమ్మా. తల తగల్లేదుగా?" అంది టైలరమ్మ. చెయ్యిచ్చి లేపింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి.

ఇంకా టీచరు పరీక్ష మిగిలింది. జూడో ఎన్నడూ చూడని పదిహేనుమందిని ముందు నిలబెట్టి, నలభై నిమిషాల్లో క్లాసు నడిపి చూపించమన్నారు. ముగ్గురు పరీక్షకులు, అందులో మన కార్యదర్శి ఒకడు. టైలరమ్మ వెంటనే ఏమీ మొదలెట్టలేదు. వరుస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరినీ కింది నుంచి పైదాకా చూసింది. ఒకామెను కుర్చీలో కూర్చోమంది. చివర భారీ మనిషి ఒకాయన గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు.

"నన్నొదిలెయ్యండి మేడమ్. నేను పడితే నేల బద్దలవుతుంది" అన్నాడు.

"నేల సంగతి నేను చూసుకుంటాను. ముందు మీరు నన్ను పడెయ్యండి."

"మిమ్మల్నా!"

"నన్నే. ఇక్కడ పట్టుకోండి. ఇలా తోయండి."

ఆయన వేళ్ళ చివర్లతో తోశాడు. ఆమె పడింది, చరిచింది, లేచింది. రెండోసారి అరచేత్తో తోశాడు. అయిదోసారికి నవ్వుతూ తోశాడు. తర్వాత పదిహేనుమందీ వంతులవారీగా ఆమెను పడేశారు. పరీక్షకుల్లో పెద్దాయన కలం బల్ల మీద పెట్టి, "టీచరు కింద పడటమేంటమ్మా? గౌరవం ఏం మిగులుతుంది?" అన్నాడు.

"నేను పడి చూపించనిదే వీళ్ళు నన్నెందుకు నమ్మాలండీ?" అందామె, చాప మీద కూర్చునే.

నలభయ్యో నిమిషానికి ఆ భారీ మనిషి గొంతుక్కూర్చుని వెనక్కి పడి, గడ్డం ఛాతీకి ఆనించి, రెండు చేతులా చాపను చరిచాడు. నేల బద్దలవలేదు. ఆయన లేచి తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు. మిగతావాళ్ళూ కొట్టారు. కలం బల్ల మీద పెట్టిన పెద్దాయన దాన్ని తీసుకుని ఏదో రాశాడు.

బయట వరండాలో కార్యదర్శి ఆమె దగ్గరకు వచ్చాడు. "ఆదివారం క్లాసు మళ్ళీ ఎప్పటినుంచండీ?"

"ఈ ఆదివారం నుంచేనండీ. అందరికీ చెప్పేశాం."

"ఇంకా ఫలితం రాలేదు కదా!"

"నేను చెప్పలేదండీ. మా అత్తగారు చెప్పేశారు."

అతను ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆదివారం కన్నా ముందే, శుక్రవారంనాడు, ఉత్తరం వచ్చింది. పాసైంది.

ఆ ఆదివారం హాల్లో నలభై మూడు మంది నిలబడ్డారు. పంతొమ్మిది మందిలో రానివాళ్ళు లేరు. లెక్కల టీచరు తన వదినను తెచ్చింది. పళ్ళమ్మే ఆవిడ దుకాణం మూసి వచ్చింది. సెలవు రోజని కానిస్టేబులు వచ్చి వెనక నిలబడింది. లిఫ్టు మెకానిక్ కూడా బెల్టు అడ్డదిడ్డంగా కట్టుకుని ఒక మూల చేరాడు. అత్తగారు మొదటి వరుసలో నడిమధ్య. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అందరూ వంగి ఆమెకు అభివాదం చేసినప్పుడు, కొత్త నల్ల బెల్టు ముడి ఇంకా పూర్తిగా మెత్తబడని ఆ పొట్టి మనిషి వరుసల పొడుగునా ఒక్కొక్కరినీ కింది నుంచి పైదాకా చూస్తూ నిలబడింది.

"మాట్లాడవేమే, కాళ్ళు లాగుతున్నాయి" అంది అత్తగారు. హాలంతా ఘొల్లుమంది. క్లాసు మొదలైంది.

మరుసటి నెల పేరు నమోదు చేయించుకోవడానికి టైలరమ్మ సంఘం ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, ఊరూ వయసూ రాసుకుని, తలెత్తకుండా అడిగాడు.

"వృత్తి?"

"టైలరు, జూడో టీచరు."

"గడి చిన్నదండీ. ఏదో ఒకటే పడుతుంది."

ఆమె పుస్తకం తనవైపు తిప్పుకుని, ఆ గడి పొడవూ వెడల్పూ కంటితోనే కొలిచింది.

"చిన్నక్షరాలతో రాయండి బాబూ, రెండూ పడతాయి" అంది. రెండూ పట్టాయి.